ఎండలో వేపనూనె, గుప్పెడు పొగాకు: ఆ మెసేజ్‌లో ఒక్క మాటా నిలవదు

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సలహా ఇది: "లీటరు నీళ్లలో రెండు చెంచాల వేపనూనె, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, గుప్పెడు పొగాకు నానబెట్టిన నీళ్లు, చెంచా ఉప్పు కలిపి మంచి ఎండలో రోజూ కొట్టండి. ఎలాంటి పురుగైనా ఒక్క దెబ్బకు చస్తుంది. అంతా సహజమే, ఆ రోజే కోసుకుని తినొచ్చు." కర్నూలు, అనంతపురం, కడపల్లో మిద్దె మీద కుండీలు పెంచేవాళ్లు దీన్ని పాటిస్తే పురుగు కంటే ముందు మొక్కే పోతుంది. వేప బాగా పనిచేస్తుంది, కానీ ఇలా కాదు.

ముందు పొగాకు సంగతి, ఎందుకంటే ఇది మనుషులకే ప్రమాదం. నికోటిన్ ఆకులోంచి వచ్చిందైనా గట్టి విషం. తడి చేతుల మీదుగా చర్మంలోంచి ఒంట్లోకి దిగి తల తిప్పుతుంది, వాంతులు తెస్తుంది. పాలకూర మీద కొట్టి ఆ రోజే వండుకోమనడం ఎంత తప్పో చెప్పక్కర్లేదు. పైగా టమోటా, మిరప, వంగ అన్నీ పొగాకు కుటుంబానివే. ఎండిన పొగాకులో కూడా ఆకులపై మచ్చల తెగులు తెచ్చే మొజాయిక్ వైరస్ బతికి ఉండి వీటికి అంటుకోగలదు. బీడీ తాగే చేతులతో నారు ముట్టుకునే ముందు సబ్బుతో కడుక్కోమనేది అందుకే.

"మంచి ఎండలో" అన్న మాట అంతకన్నా తప్పు. వేపలో పనిచేసే అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది. మన వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఆకు మీద నూనె పూత పడితే ఆకు ఊపిరాడక అంచుల నుంచి మాడుతుంది. సాయంత్రం ఐదున్నర తర్వాత కొట్టాలి, అప్పటికి తేనెటీగల రాక కూడా తగ్గుతుంది.

కొలతకొస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల నూనె, అంటే ఒక చిన్న చెంచా చాలు. నూనె నీళ్లలో కలవాలంటే సబ్బులాంటిది కావాలి, అసలు చిక్కు మన బోరు నీళ్లతో. ఉప్పునీళ్లలో మామూలు సబ్బు నురగ రాకుండా తెల్లటి పెచ్చులుగా విరుగుతుంది, నూనె పైకి తేలిపోతుంది. మొదట కొట్టిన మొక్కలకు వట్టి నీళ్లు, చివరి మొక్కకు చిక్కటి నూనె పడి అది కాలిపోతుంది. కుంకుడు రసం గట్టి నీళ్లలోనూ నురగ ఇస్తుంది. నాలుగైదు కాయలు గింజ తీసి రాత్రి గ్లాసు నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిసికి వడకట్టిన రసంలో నూనె పోసి, పాలలా తెల్లబడేదాకా సీసాలో గిలకొట్టాకే మిగతా నీళ్లు చేర్చండి. పది నిమిషాలు కదపకుండా ఉంచినప్పుడు పైన నూనె బొట్లు కనిపిస్తే మళ్లీ కలపాలి. ఆ సాయంత్రమే వాడేయాలి, నిల్వ పనికిరాదు. గిన్నెలు తోమే లిక్విడ్ ఆకు మీది మైనపు పొరను కడిగేస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. అంగట్లో 1500, 10000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్ల అజాడిరక్టిన్) అని దొరికే వేప మందుల్లో కలిసే గుణం ముందే ఉంటుంది, వాటికి సబ్బు అక్కర్లేదు. మోతాదు లేబుల్ మీద ఉన్నదే.

"ఒక్క దెబ్బకు చస్తుంది" అని ఎదురుచూసి మరునాడు నిరాశపడొద్దు. వేప తిన్న పురుగు మేత మానేస్తుంది, కుబుసం విడవలేక నాలుగైదు రోజుల్లో చస్తుంది. చిన్న పిల్లపురుగుల మీదే దీని బలం. వారానికొకసారి చొప్పున ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. వంగ కొమ్మలోకి దూరిన పురుగును ఏ పిచికారీ అందుకోలేదు. వాడిన చిగురును అంగుళం కిందికి తుంచి, లోపలి పురుగుతో సహా నాశనం చేయాలి.

"ఎలాంటి పురుగైనా" అనే ముందు ఆకు తిప్పి చూడండి. మిరపాకు పడవలా పైకి ముడుచుకుంటే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి (మంచాల్లోది కాదు, మొక్కల మీది మైట్). తామర పురుగుకు నీలం జిగురు అట్టలు కట్టాలి. మిరపాకును ఇలా ముడిచే నల్లి తేమతో కూడిన వేడిలో పెరుగుతుంది.

రోజూ కొడితే నష్టపోయేది మన పక్షాన ఉన్న పురుగులే. పేనుబంక (చిగుళ్ల రసం పీల్చే చిన్న పురుగుల గుంపు) మధ్య నల్లగా, నారింజ మచ్చలతో చిన్న మొసలి పిల్లలా పాకేది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకను తిని బతుకుతుంది. దాన్ని చంపొద్దు. వంగ ఆకును జల్లెడలా గీకేది వేరే రకం అక్షింతల పురుగు: ఎదిగినది మెరుపు లేకుండా చుక్కలతో ఉంటుంది, పిల్ల పసుపురంగులో ముళ్లతో ఉంటుంది. దాన్ని చేత్తో ఏరేయాలి.

ఉప్పు మాట అస్సలు వినొద్దు. మన నీళ్లతో వచ్చేదే కుండీ మట్టిలో తెల్లగా పేరుకుంటోంది.

నూనె కొనే పని లేకుండా చేసుకోవాలంటే జూన్, జులైలలో రాలే వేప పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజల్ని నీడలో ఆరబెట్టండి. గోనె సంచిలోనే ఉంచాలి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. పెంకు తీసిన 50 గ్రాముల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి అర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండండి. వడకట్టి లీటరు చేసి, కుంకుడు రసం కొంచెం కలపండి. పాతబడి నల్లబడిన గింజ తీసుకోవద్దు, దానిలో పస ఉండదు.