స్కాన్ చేసి దాచుకుంటే సరిపోదు, చదివించుకోండి

మొన్న మా కజిన్స్ గ్రూపులో ఒకళ్ళు "పాత ఉత్తరాలన్నీ స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టేశాం, ఇంక పోతాయన్న భయం లేదు" అని మెసేజ్ పెడితే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మనసు కలుక్కుమంది. 200 పైన ఉన్నాయి ఫైళ్ళు, గ్రూపులో 34 మందిమి ఉన్నాం, వాటిని గడగడా చదవగలిగినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు.

మాది నెల్లూరు నుంచి పట్నం వచ్చిన కుటుంబం. అంటే మద్రాసే, మా వైపు ముసలోళ్ళు ఇప్పటికీ పట్నమనే అంటారు. అమ్మమ్మ వాళ్ళ నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు, అప్పట్నుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, వీధిలో తమిళం, స్కూల్లో తమిళం ఇంగ్లీషు. మా అమ్మ పట్టుబట్టి కూర్చోబెట్టి నేర్పింది కాబట్టి నాకు తెలుగు చదవడం వచ్చు, నా తర్వాతి పిల్లలకి అచ్చులో ఉన్న తెలుగే రాదు. ఈ ఉత్తరాలేమో గొలుసుకట్టు. కలం ఎత్తకుండా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా, కార్డు నిండిపోతే అంచుల వెంబడి తిప్పి మరీ రాశారు. ఫోన్లో యాప్ పెట్టి చూశాను, పట్టుమని పది మాటలు కూడా సరిగ్గా రాలేదు.

అందుకే ఒక కట్ట పట్టుకుని చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి 88 ఏళ్ళు, ఒక కన్నే సరిగ్గా కనిపిస్తుంది. కార్డు కిటికీ దగ్గర పెట్టుకుని, వేలితో గీత గీతా పట్టుకుంటూ పాడినట్టు చదివేసింది. నేను రెండు రోజులు తంటాలు పడ్డ కార్డు ఆవిడకి రెండు నిమిషాలు.

ఆ కార్డు గురించి చెప్పాలి. పైన "చిత్రభాను వైశాఖం" అని ఉంది, ఇంగ్లీషు తేదీ లేదు. మన సంవత్సరాలు 60కోసారి తిరిగొస్తాయి కదా, చిత్రభాను అంటే 1882 అయినా అవ్వాలి, 1942 అయినా అవ్వాలి, 2002 అయినా అవ్వాలి. కార్డు మీద అచ్చేసిన స్టాంపులో ఆరో జార్జి బొమ్మ ఉంది, కాబట్టి 1942. అంటే ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేసిన కొద్దిరోజులకే. మద్రాసులో జనం మూటలు కట్టుకుని రైళ్ళెక్కి సొంతూళ్ళకి పోతున్న రోజులవి.

మా ఇంట్లో ఇన్నేళ్ళుగా చెప్పుకునే కథ ఏంటంటే, ముత్తాత అన్నతో గొడవపడి మాటమాత్రం చెప్పకుండా పెళ్ళాం పిల్లల్ని ఊరికి తీసుకుపోయాడని. ఆ మాట మీదే రెండు కుటుంబాలకీ రాకపోకలు తగ్గిపోయాయి, పెళ్ళిళ్ళకి కూడా ముక్తసరిగా పిలుచుకునేవాళ్ళు. కార్డులో ముత్తాతకి ఊరి నుంచి వాళ్ళమ్మ ఏం రాసిందో తెలుసా? పట్నంలో బాంబులు పడతాయని ఇక్కడ అందరూ అంటున్నారు, కోడల్నీ పిల్లల్నీ వెంటనే బండెక్కించు, అన్నకి కూడా వేరే కార్డు రాశాను, మీరిద్దరూ కలిసే రండి. ఇంతే. గొడవ ఊసే లేదు. ఆ రెండో కార్డు అన్నకి అందిందో లేదో గానీ, తల్లి మాత్రం ఇద్దరినీ పిలిచింది. ఎవరైనా ఒక్కసారి ఈ కార్డు తీసి చదివుంటే ఎంత బాగుండేది.

చివర్లో ఒక లైను దగ్గర చిన్నమ్మమ్మ ఆగిపోయింది. "చిన్నదాని కోరింత దగ్గు తగ్గిందా, కబురు చెయ్యి" అని ఉందట. కాసేపు కార్డు వంకే చూసి "నేనే అబ్బయ్యా ఆ చిన్నదాన్ని" అంది. వాళ్ళ నాయనమ్మ తన గురించి రాసిన మాట ఆవిడ చూడటం అదే మొదటిసారి. ఆ లైను డ్రైవ్‌లో ఎన్నేళ్ళున్నా ఎవరికి తెలిసేది చెప్పండి!

ఇంకోటి కూడా ఆవిడే చూపించింది. చావు కబురు మోసుకొచ్చిన కార్డుని చదవగానే చింపేసేవాళ్ళు, ఇంట్లో ఉంచుకునేవాళ్ళు కాదు, అందుకని ఎవరు ఎప్పుడు పోయారో ఉత్తరాల్లో దొరకదు అనుకున్నాను. దొరుకుతుంది. ఒక మేనత్తకి రాసిన కార్డుల్లో మొదట "చి.ల.సౌ." అని ఉంటుంది, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, కొన్నాళ్ళకి అదే మనిషికి "గం.భా.స." అని మొదలవుతుంది. గంగాభాగీరథీ సమానురాలు, అంటే భర్త పోయాడు. ఈ రెండు కార్డుల మధ్య ఎప్పుడో ఆయన పోయుంటాడు. ఎగ్మోర్‌లో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకమని చాలామంది సలహా ఇస్తారు, వెళ్ళండి, మంచిదే, కానీ అక్కడున్నవి ప్రభుత్వం రాసుకున్న కాగితాలు, మన మేనత్త బొట్టు ఎప్పుడు తీసేశారో సర్కారు ఎందుకు రాసుకుంటుంది?

ఇదంతా తెలిశాక నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, మా బంధువుల్లోనే ఒకళ్ళు పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టెడు ఉత్తరాలు పాతపేపర్ల కొట్లో తూకానికి వేసేశారు. ఇంకొకళ్ళు ఫొటోలు పాడవకుండా అని లామినేషన్ చేయించారు, అది ఇంక జన్మలో ఊడిరాదు. 80ల్లో కొన్న జిగురు పేజీల ఆల్బములు కూడా అంతే, ఫొటో వెనకాల జిగురు పసుపుపచ్చగా పట్టేసి వెనక రాసిన పేర్లు పోతున్నాయి. వాటిని గోటితో పీకొద్దు, ముందు ఉన్నదున్నట్టు ఫొటో తీసుకుని తర్వాత సన్న దారం నెమ్మదిగా కిందనుంచి పోనిచ్చి విడదీయండి. పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందువైపుకి పడుతుంది. 2015 డిసెంబరు వరదల్లో మా పిన్ని వాళ్ళింట్లో ఫ్రేముల్లో ఉన్న ఫొటోలు గాజుకి అంటుకుపోయాయి, కంగారులో లాగితే మొహాలు గాజు మీదే ఉండిపోయాయి. గాజుతో సహా స్కాన్ చేసుంటే బొమ్మైనా మిగిలేది.

అయినా ఫొటో పోతే ఇంకో ఇంట్లో ఇంకో కాపీ దొరుకుతుందేమో, చదివే మనిషి పోతే మాత్రం ఏం చేస్తాం? మీ ఇంట్లో గొలుసుకట్టు వచ్చిన ముసలాళ్ళు ఎవరైనా ఉంటే ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన కూర్చోండి. ఆరోగ్యం గురించీ మందుల గురించీ తర్వాత అడగొచ్చు, ముందు ఒక ఉత్తరం చేతిలో పెట్టండి. తప్పు చదివినా ఆపొద్దు, మధ్యలో వేరే కథలోకి వెళ్ళినా ఆపొద్దు, మాకు చాలా సంగతులు అలా దారి తప్పినప్పుడే తెలిశాయి.

నా దగ్గర ఇంకా 61 కార్డులున్నాయి. ఆవిడ గదిలో పొద్దున పది నుంచి పన్నెండు దాకానే వెలుతురు బాగుంటుంది, రోజుకి నాలుగు చదివితే కన్ను నీరు కారుతుంది. ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, ఈసారి ఆ అన్నగారి మనవణ్ణి కూడా రమ్మన్నాను, వస్తానన్నాడు.