అలవాటవుతుందా, అవదా: మల్లి గురించి అక్కాతమ్ముళ్ల వాదం

మాది తిరుపతి కొర్లగుంట. కింద ఇంట్లో మేము, పైన మామ వాళ్లు. మామ అమ్మకు సొంత తమ్ముడు. మల్లి మా నాటుకుక్క, ఆరేళ్లది. పోయిన దీపావళి రాత్రి అది పారిపోయి, తెల్లారి కపిలతీర్థం దగ్గర దొరికింది. నాలుగు పాదాల తోలూ లేచిపోయి ఉంది. దసరా వెళ్లిన మూడో రోజు సాయంత్రం, మిద్దె మీద వేరుశనక్కాయలు వొలుస్తూ అమ్మా మామా దాని గురించే వాదించుకున్నారు. మామ ఈసారి స్నేహితులతో కలిసి టపాసుల అంగడి పెడుతున్నాడు, అదొకటి. నేను అమ్మ పక్షం, దాచను. అయినా మామ మాటలు ఆయన అన్నట్టే రాస్తున్నాను. మా వీధిలో సగం మంది అనుకునేది అదే.

తమ్ముడు: అక్కా, ఉన్నమాట అడుగుతున్నా. ఏడాదికొక పండగ. పిల్లలు ఇప్పటి నుంచే ఏమేం కావాలో లిస్టు రాసుకుంటున్నారు. కుక్క కోసం వాళ్లని కాల్చొద్దనమంటావా?

అక్క: కాల్చొద్దని ఎవరన్నారు రా? ఎప్పుడు కాలుస్తారు, ఎక్కడ, ఏవేవి అని అడుగుతున్నా. పండగకి ఇంకా పదిహేడు రోజులుంది. నా గోల ఈ పదిహేడు రోజుల గురించే.

తమ్ముడు: పదిహేడు రోజులు ఏం చేస్తావు? దేనికి భయమో అందులోకి తోస్తేనే భయం పోతుంది. నాకు ఈత ఎట్లా వచ్చింది? నాయన బావిలోకి తోశాడు. పోలీసు కుక్కల్ని చూడు, పక్కన తుపాకీ పేలినా చెవి కదపవు. మల్లిని మిద్దె మీద కట్టేసి కూర్చోబెడదాం. మొదటి గంట గింజుకుంటుంది, రెండో గంటకి అదే సర్దుకుంటుంది.

అక్క: పోయినసారి నువ్వు చేసింది అదే కదా.

(మామ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పోయినేడాది మల్లిని ఇక్కడే, ఈ నీళ్ల ట్యాంకు పైపుకే కట్టాడు. మొదటి వెయ్యివాలా సగం కాలకముందే అది మెడ బెల్టులోంచి తల జార్చుకుని మెట్లు దిగిపోయింది. చుట్టాలు వచ్చి ఉన్నారు, గేటు తీసే ఉంది.)

తమ్ముడు: నేను దాని మంచికే చేశాను.

అక్క: తెలుసు. అందుకే ఏడాదిగా ఈ మాట ఎత్తలేదు. కానీ నాయన నిన్ను ఊరికే తోయలేదు. నడుముకి బెండు కట్టాడు, ముందు తాను దిగి మెట్టు మీద నిలబడ్డాడు. మునిగితే పట్టుకుంటాడని నీకు తెలుసు. మల్లికి ఎవరు చెప్పారు, ఇది పండగ, కాసేపటికి అయిపోతుందని? పోలీసు కుక్కలంటావా, వాటిని చిన్నప్పుడే ఏరుకుంటారు. బెదిరేవాటిని పక్కన పెట్టేస్తారు. మిగిలినవాటికి కూడా దూరపు శబ్దంతో మొదలుపెట్టి నెలల తరబడి దగ్గరికి తెస్తారు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల లోపల ఏది మెల్లగా పరిచయం చేసినా అది మామూలు విషయమైపోతుంది. ఆ వయసు పిల్లకైతే నీ మాట ఒప్పుకుంటా. మల్లి మనింటికి వచ్చేసరికే ఏడాది దాటింది.

తమ్ముడు: మనమూ ఆ శబ్దమే వింటున్నాం. మనకేమైంది?

అక్క: మనం వినేది అది వినేదాంట్లో కొంతే. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే ఏమీ వినబడదు. కుక్కకి 45,000 దాకా వినబడుతుంది. టపాసుకి చట్టం పెట్టిన హద్దే నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. ఆ మోతకి మన చెవులే నొప్పెడతాయి. పైగా మనం వత్తి ముట్టించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, చెవులు మూసుకుంటాం. పేలబోతోందని తెలిసి కాచుకుంటాం. దానికి ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. పోయిన నెల వెనక వీధి పెద్దాయన పోయినప్పుడు గుర్తుందా? పలకలు కొట్టుకుంటూ, టపాసులు పేలుస్తూ తీసుకెళ్లారు. నేను వంటింట్లో ఉన్నా. గచ్చు మీద తడి కనబడింది. నీళ్లు ఒలికాయేమో అనుకుని గుడ్డ తీసుకుని వంగి చూస్తే, అవి మల్లి పాదాలు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు రా, అరికాళ్లకే పడుతుంది. నాలుగు వేళ్లు, మధ్యలో మెత్త, ముగ్గులో పువ్వులా. గ్యాస్ సిలిండర్ దగ్గర నుంచి మంచం దాకా అవే. చికెన్ లివర్ ముక్క ముక్కు దగ్గర పెట్టా. వాసన కూడా చూడలేదు.

(ఆ ముద్రలు నేనూ చూశాను. ఫ్యాన్ గాలికి ఒక్కొక్కటీ ఆరిపోతుంటే, అది మళ్లీ అదే దారిలో తిరిగి కొత్తవి వేసేది. మల్లి అరవదు, కరవదు. అందుకే దాని భయం చాలామందికి కనబడదు.)

తమ్ముడు: పాపమే, కాదనను. కానీ నువ్వు చేసేది ఇంకా తప్పు. ఒళ్లో పెట్టుకుని నిమురుతావు. భయపడితే అక్క దగ్గరికి తీసుకుంటుందని నేర్చుకుని ఇంకా ఎక్కువ భయపడుతుంది.

అక్క: ఈ మాట ఎవరు పుట్టించారో కానీ, దీనివల్ల ఎన్ని కుక్కలు ఒంటరిగా వణికాయో! భయం నేర్చుకుని చేసే పని కాదు, దానంతట అది పుట్టేది. నువ్వు బండి మీద నుంచి పడి కట్టు కట్టించుకున్న రోజు రాత్రంతా నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నా. ఇంకోసారి పడదామని అనిపించిందా నీకు? దగ్గరికొస్తే రానివ్వాలి. మంచం కింద దూరితే బయటికి లాగకూడదు, అది వెతుక్కున్న చోటు అది. తిట్టకూడదు, అంతే. ఇంకా తినే స్థితిలో ఉంటే, పేలిన ప్రతిసారీ వెంటనే ఒక మంచి ముక్క పెట్టాలి. ముందు శబ్దం, తర్వాత ముక్క. ఆ వరుస తప్పితే ముక్క కనబడగానే బాంబు పేలుతుందని తిండికే బెదురుతుంది.

తమ్ముడు: ఒక్క రాత్రి కోసం ఇంత శాస్త్రమా?

అక్క: ఒక్క రాత్రా? దీపావళి వచ్చేది మనకి ఈశాన్య వానల్లో. ఆ నెలంతా ఉరుములే. మే నెలలో గంగమ్మ జాతర. పెళ్లి ఊరేగింపులు, చావు ఊరేగింపులు. ఎన్నికల ఫలితాల రోజు సంగతి చెప్పనక్కర్లేదు. టపాసుకి భయపడే కుక్క చాలావరకు ఉరుముకీ భయపడుతుంది.

తమ్ముడు: మరి నువ్వు ఫోన్లో టపాసుల మోత పెట్టి వినిపిస్తున్నావట, పిల్లలు చెప్పారు. అది అలవాటు చేయడం కాదా? నేను చేస్తే తప్పు, నువ్వు చేస్తే వైద్యమా?

అక్క: నువ్వు దాన్ని నేరుగా ఆఖరి మెట్టు మీద నిలబెట్టావు. నేను మొదటి మెట్టు దగ్గర ఉన్నా. నా ఫోన్ శబ్దం నాకే సరిగా వినబడదు. అది అన్నం తింటుంటే ఐదు నిమిషాలు. చెవులు వెనక్కి వాలినా, ఊరికే పెదాలు నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవులించినా అక్కడితో ఆపేసి, మర్నాడు ఇంకా తగ్గించి మొదలుపెడతా. ఇది నెలలు పట్టే పని, ఈ పండగకి పూర్తి కాదు. ఫోన్లో లక్ష్మీ బాంబు శబ్దం వస్తుంది కానీ గుండెల్లో తగిలే ఆ దెబ్బ రాదు కూడా. అందుకే డాక్టరు దగ్గరికీ వెళ్లాను.

తమ్ముడు: నిద్రమాత్రే కదా? నేను పోయినేడాదే చెప్పాను, పెరుగన్నంలో సగం మాత్ర కలిపేయమని.

అక్క: 1955 నుంచి ఊళ్లో పశువైద్య కళాశాల పెట్టుకుని, మనుషుల మెడికల్ షాపులో మాత్ర కొనమంటావేంరా? ఎసిప్రోమజీన్ అని పాత మత్తుమందు ఒకటుంది. అదొక్కటే ఇస్తే ఒళ్లు కదలదు, లోపల భయం మాత్రం అట్లాగే ఉంటుంది. చూసేవాళ్లం హాయిగా పడుకుందనుకుంటాం. అది పారిపోవడానికి కూడా చేతకాక మొత్తం వింటూ పడి ఉంటుంది. అంతకన్నా నరకం ఉందా? భయాన్ని తగ్గించే మందులు వేరే ఉన్నాయి. అమెరికాలో 2015లో కుక్కల శబ్ద భయానికనే ఒక జెల్‌కి అనుమతిచ్చారు, డెక్స్‌మెడెటొమిడిన్ అని, చెంపకీ చిగురుకీ మధ్య రాస్తారు. మల్లికి ఏది సరిపోతుందో, ఎంతో, దాని బరువూ గుండే చూసి డాక్టరు రాశారు. పండగ నాడే మొదటిసారి ఇవ్వొద్దు, ముందు ఒక మామూలు రోజు ఇచ్చి చూడండి అన్నారు. ఇంకోటి చెప్పనా? ఆయన నడుం మీద చెయ్యి పెట్టి తడిమితే వెనక కాలి కీలు దగ్గర మూలిగింది. నొప్పి ఉన్న కుక్కకి శబ్దమంటే భయం పెరుగుతుందట. ఏడాదిగా నాకు తెలియలేదు.

(అమ్మ గొంతు ఇక్కడ కొంచెం తగ్గింది. మామ అది గమనించి చాలాసేపు కాయలే వొలిచాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకి మాత్రం ఆయనకి మార్కులు వేయాలి.)

తమ్ముడు: అంతా బాగుంది. మల్లికి గది ఉంది, డాక్టరు ఉన్నాడు, లివర్ ముక్కలున్నాయి. నా స్కూటర్ కింద పడుకునే కరియాకి ఏముంది? దానికి చెవులు లేవా? వీధి చివర చెత్తకుండీ దగ్గర పిల్లల్ని పెట్టిన తెల్లది, దానికి లేవా? నిజంగా కుక్కల బాధే నీ బాధైతే టపాసులే వద్దనాలి అక్కా. అట్లా అనవు, ఎందుకంటే నేను అప్పు తెచ్చి అంగడి పెట్టాను. ఇంట్లో కుక్కకి ఒక న్యాయం, వీధి కుక్కకి ఒక న్యాయం.

అక్క: నిజమే. టపాసులే లేకపోతే నాకూ హాయే. అది నా చేతిలో లేదు. నా చేతిలో లేనిది ఉందని, ఉన్నది కూడా చేయకుండా కూర్చోనా? 2018లో సుప్రీంకోర్టు దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని చెప్పింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోత టపాసులు కాల్చకూడదని 2005లోనే అంది. మన వీధిలో ఏం జరుగుతుంది? నరకచతుర్దశి తెల్లారుజామున నాలుగింటికి తలంటుకుని మొదలుపెడతారు, మర్నాడు అర్ధరాత్రి దాకా. మధ్యలో ఎవరికి తోచినప్పుడు వాళ్లు. ఆ రెండు గంటల్లోనే కాల్చితే కరియా ఆ రెండు గంటలూ ఎక్కడో ఒక మూల నక్కి, తర్వాత బయటికొస్తాడు. పోయినేడాది రెండు రోజులు నీళ్ల తొట్టి దగ్గరికి కూడా రాలేదు వాడు. నువ్వే చెప్పావు.

తమ్ముడు: చెప్పాను.

అక్క: అంగడి మానేయమని నేననను. మతాబులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు, కాకరపువ్వొత్తులు ముందు వరుసలో పెట్టు.

తమ్ముడు: చిన్నపిల్లలు అడిగేవి అవే. ఔట్లు, బాంబులు కాలేజీ కుర్రాళ్లు అడుగుతారు. వాళ్లకి లేవని చెప్తే పక్క అంగట్లో కొంటారు, మోత ఏం తగ్గదు.

అక్క: కొననీ. కుక్క పడుకున్న చోట ముట్టించొద్దని, తోకకి కట్టొద్దని ఒక మాట చెప్పి అమ్ము. అట్లా హింసించడం 1960 చట్టం ప్రకారం నేరం.

తమ్ముడు: తోకకి కట్టేవాడిని చట్టం దాకా ఎందుకు, నేనే తంతాను. సరే, నీ ఏర్పాటు చెప్పు. ఆ రాత్రి ఏం చేస్తావు?

అక్క: నడిమింట్లో ఉంచుతా. కిటికీలకి దుప్పట్లు, లైట్లు వెలిగే ఉంటాయి, అప్పుడు మెరుపులు తెలియవు. ఫ్యాను, టీవీ. ఐదున్నరకే బయట తిప్పుకొచ్చి, ముందే అన్నం పెట్టేస్తా. మెడ బెల్టు ఒక్కటే నమ్మను, ఛాతీ చుట్టూ వేసే బెల్టు కూడా కొన్నా, దాని మీద నా ఫోన్ నెంబరు ఉంటుంది. వీధి తలుపు తీసేముందు నడిమింటి తలుపు వేసుండాలి, ఎవరొచ్చినా సరే. మర్నాడు పొద్దున్నే వాకిట్లో పేలని టపాసులన్నీ ఏరేస్తా. కొరికితే ఆ మందు విషం.

తమ్ముడు: మా పిల్లలు ఐదున్నర లోపల ఏదీ ముట్టించకుండా నేను చూసుకుంటా. ఎనిమిదికి మొదలుపెడతాం, మిద్దె మీద కాదు, వీధి చివర ఖాళీ జాగాలో. మెట్ల కింద గదిలో ఆ పాత గోనెసంచులు పారేయొద్దు. దానికి వీధి వైపు తలుపుంది కదా, ఓరగా తీసి పెడతా. కరియా వస్తే వస్తాడు.

అక్క: వస్తాడంటావా?

తమ్ముడు: తెలియదు. నీళ్లు కూడా పెడతా. కానీ ఒకటి, పోయినసారి బెల్టు జారకుండా ఉండి ఉంటే రెండో గంటకి మల్లి సర్దుకునేదని నేను ఇప్పటికీ అంటాను.

అక్క: అను.

(ఏడయింది. కిందికి దిగి అమ్మ మల్లి గిన్నెలో అన్నం వేసింది. ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టి నొక్కింది. మామ గుమ్మంలో నిలబడి, ఏమీ వినబడటం లేదే అన్నాడు. నీకు వినబడకూడదు అంది అమ్మ. మల్లి కుడి చెవి ఒకసారి ఫ్రిజ్ వైపు తిరిగింది. తినడం ఆపలేదు. మామ మెల్లగా వెళ్లి, చప్పుడు కాకుండా ఫోన్ తీసి, ఇంకో గీత తగ్గించాడు.)