సవరణ: సీసపు సైనికుల తయారీ, భద్రత గురించి

బల్ల మీద ఆడే యుద్ధక్రీడ కోసం నేను సేకరిస్తున్న బ్రిటన్స్ సంస్థ పాత సైనికుల బొమ్మలు లోపలంతా సీసం నిండేలా గట్టిగా పోతపోసినవనీ, వాటిని కొయ్యపెట్టెలో దాచుకోవచ్చనీ గత వారం అమలాపురం నుంచి రాసిన వ్యాసంలో చెప్పాను. ఆ రెండు మాటలూ తప్పు.

1893లో ఇదే విలియం బ్రిటన్ సంస్థ తెచ్చిన పద్ధతిలో, కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచుల వెంట పలుచని పొర గట్టిపడగానే మిగిలినదాన్ని బయటికి వంపేసేవారు. అందుకే ఆ బొమ్మలు లోపల బోలుగా, తేలికగా, గట్టిపోత బొమ్మలకన్నా చవకగా ఉండేవి. నా దగ్గరున్న తలపాగా సిపాయి మెడ విరిగిన చోట చూస్తే ఆ బోలుతనం స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో తప్పు వల్ల జరిగే నష్టం ఎక్కువ. కొయ్య నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరికి మన కోనసీమ గాలిలోని తేమ తోడైతే సీసం తెల్లని పొడిగా రాలిపోతుంది, పైగా ఆ పొడి విషం. మా సిపాయి బూటు అంచున చిటికెడు పొడి చూసి నా మనసు చివుక్కుమంది. దయచేసి కొయ్యపెట్టె వాడకండి. గాజు తలుపుల ఇనుప బీరువాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, బొమ్మలను తాకాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.