మహారాజశ్రీ సెర్చ్ బాక్సు గారికి

మహారాజశ్రీ సెర్చ్ బాక్సు గారికి,

శ్రీకాకుళం నుంచి రిటైరైన తెలుగు మాస్టారు ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తాము కొలువుదీరిన కళా మ్యూజియం పేరు ఇక్కడ ఎత్తను. సముద్రాల అవతల, లక్షల వస్తువుల వివరాలను ఒక తెల్లని పొడుగాటి గడి వెనుక దాచుకుని, ‘ఏం కావాలో అడగండి’ అన్నట్టు నల్లగీతను మిణుకు మిణుకుమనిపిస్తూ కూర్చున్నవారు అంటే చాలు, తమరితో పాటు తమ దాయాదులు కూడా ఇది తమకే రాసిన లేఖ అనుకుంటారు.

నేను కోరింది గొంతెమ్మ కోరిక కాదు. ఒకప్పుడు మా ఊరు సన్నని మస్లిను బట్టకు పేరుపొందిన ఊరు. ఆ బట్ట ముక్క ఒకటి మీ దగ్గర ఉందని విని, బడిపిల్లలకు దాని ఫొటో అయినా చూపించాలనుకున్నాను. శ్రీకాకుళం అని ఇంగ్లిషు అక్షరాలలో టైపు చేశాను. ‘ఫలితాలు: 0’ అన్నారు. పోనీ అని తెలుగులో టైపు చేశాను. ఈసారి సున్నాతో పాటు, అక్షరదోషాలు సరిచూసుకోమని ఉచిత సలహా కూడా దయచేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఊరందరి పిల్లల దోషాలకూ ఎర్రసిరా పెట్టినవాడిని. నా ఊరి పేరుకే ఎర్రసిరా పెట్టిన పరీక్షాధికారి మాత్రం నాకు మీరొక్కరే తగిలారు.

పక్కింటి పదో తరగతి అమ్మాయి నా అవస్థ చూసి, “ఏటి మాస్టారూ, మీరు రైటుగా రాస్తన్నారు, అందుకే దొరకట్లేదు. దొరలు ఎలాగ పలికీవోరో అలాగ రాయండి, దొరుకుతాది” అంది. ఆ పిల్ల చెప్పినదే నిజమైంది. మా ఊరి పేరు పరాయి నోళ్లలో పడి నలిగి నలిగి, చివరికి ఇంగ్లిషు కాగితాలలో చికాకోల్‌గా స్థిరపడింది. ఉత్తర సర్కారులలో ఒకటి చికాకోల్ సర్కారు. మా రైల్వే స్టేషను ఒకనాడు చికాకోల్ రోడ్డు. ఇప్పుడు దాని బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డని మారింది గాని, అక్కడ దిగినవాడు నేటికీ ఆమదాలవలసలోనే ఉంటాడు, మా ఊరు చేరాలంటే బస్సో ఆటోనో ఎక్కాలి. కనుక పేరొక చోట, మనిషొక చోట ఉండడం మాకు కొత్త కాదు. అయితే ఆ స్టేషను బయట అడిగితే దారి చెప్పే నాథుడుంటాడు. మీ దగ్గర ఆ పాటి ఆటోవాడైనా లేడు. చికాకోల్ అన్న పేరులో చికాకు మొదటినుంచీ ఉన్నదే, దాన్ని అనుభవంలోకి తెచ్చిన ఘనత మాత్రం తమది.

తెలుగు పండితుడు తప్పులు రాయడం సాధన చేస్తూ గడిపిన ఆ సాయంత్రం గురించి ఎక్కువ చెప్పను. చివర ఒక అక్షరం తగ్గితే సున్నా, మధ్యలో ఒకటి పెరిగితే సున్నా. ఏడో తప్పు తమకు నచ్చింది. బట్ట కనబడింది.

లేతగా పసుపు తిరిగిన తెల్లబట్ట, నాలుగు మడతలు. ఫొటోను పెద్దది చేస్తే, పై పొర గుండా కింది పొర అంచు కనబడుతోంది. మూలన దారంతో కుట్టిన చిన్న కాగితపు చీటీ, దాని మీద వెలిసిపోయిన సిరాతో ఊరి పేరు, జిల్లా పేరు, పక్కన ధర. ఆ చీటీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ తరువాత కిందనున్న వివరాలు చదివాను. పొడవు, వెడల్పు మిల్లీమీటర్లతో సహా ఉన్నాయి. దానం చేసిన దొరగారి పేరు, హోదా, బిరుదులు పొల్లుపోకుండా ఉన్నాయి. తయారీదారు: తెలియదు. స్థలం: గంజాం. ఆ గంజాం మీద నొక్కితే పటం తెరుచుకుని, ఒడిశాలో ఒక ఎర్రని గుండుసూది గుచ్చుకుంది.

ఇందులో తమ దోషం కొంతే ఉందని ఒప్పుకుంటాను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోదే. తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న గాని శ్రీకాకుళం పేరుతో జిల్లా పుట్టలేదు. పక్కనున్న విజయనగరానికైతే ఆ భాగ్యం 1979లో దక్కింది. మేము కూర్చున్న చోటనే కూర్చుని ఉండగా జిల్లాలే మా మీదుగా నడిచి వెళ్లాయి. చీటీ రాసిన గుమాస్తా తన కాలానికి సరిగానే రాశాడు, కంప్యూటరులోకి ఎక్కించినవారు చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. పాత చీటీని, కొత్త పటాన్ని ఒకదానికొకటి పరిచయం చేసే పని మాత్రం ఎవరూ చేయలేదు. చేయలేనిదీ కాదు. అమెరికాలోని గెట్టీ అనే కళాసంస్థవారి స్థలనామ కోశంలో ఒకే చోటుకు ఉన్న పాత కొత్త పేర్లను ఒకే సంఖ్య కింద కట్టి ఉంచుతారు, ఏ పేరుతో పిలిచినా ఆ చోటే పలుకుతుంది. మా ఊళ్లలో ముసలమ్మలు ఇంటిపేరు, ముద్దుపేరు, పుట్టింటి పేరు, ఏది చెప్పినా మనిషిని పోల్చుకునే పద్ధతి కూడా ఇదే.

తమ వంశవృక్షం కూడా నాకు కొంత తెలుసు. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన లండన్‌లోని ఇండియా మ్యూజియం బట్టలను కత్తిరింపించి, 700 నమూనాలను 18 సంపుటాలలో అంటింపించి, అటువంటి సెట్లు 20 సిద్ధం చేయించాడు. భారతీయులు ఎటువంటి బట్ట కొంటారో అక్కడి మిల్లులవారికి తెలియాలన్నది ఉద్దేశం. అడిగేవాడు వ్యాపారి కనుక పొడవు, వెడల్పు, బరువు, ధర కావలసివచ్చాయి. నేసినవాడి పేరుతో బేరానికి పని లేదు. 1879లో ఆ మ్యూజియం మూతపడి వస్తువులు తలా ఒక చోటికి పంపకమైనప్పుడు, ఆ రకం లెక్కలు కూడా వాటి వెంటే నడిచాయి. ఈనాడు తమరు నన్ను అడుగుతున్న ప్రశ్నలు నూటయాభై ఏళ్లనాటి ఆ బేరగాడివే. గడులు మాత్రం కొత్తవి, అంచులు గుండ్రంగా ఉన్నాయి.

మా మామ్మది పొందూరు. ఆవిడ దగ్గర వాలుగ చేప దవడ ఎముక ఒకటి ఉండేది. అరచేతిలో ఇమిడేంత, అంచున రంపపు పళ్లకన్నా సన్నగా, ఒత్తుగా పళ్లు, ఏళ్ల తరబడి వేళ్లు రాసుకుని తేనెరంగుకు తిరిగింది. గింజతో ఉన్న పత్తిని రెండు వేళ్లతో పట్టి ఆ పళ్ల మీద నెమ్మదిగా లాగితే, చెత్త రాలి ఒడిలో పడేది, పోగులన్నీ పసిపిల్ల తల దువ్వినట్టు ఒకే వైపు లేచి నిలిచేవి. ఆ తరువాత ఏకులు, రాట్నం, నూరో కౌంటు నూలు. పొందూరు ఖద్దరు సన్నదనం మొదలయ్యేది ఆ ఎముక దగ్గర. అటువంటిది మీ దగ్గర కూడా ఉందేమో చూద్దామని ‘దువ్వెన’ అని వెతికితే ఏనుగుదంతపు దువ్వెనలు, ‘చేప’ అని వెతికితే చేపలు కోసుకు తినే వెండి కత్తులు వచ్చాయి. ‘దవడ’ అన్నప్పుడు తమరు మౌనం వహించారు.

ముఖలింగం సంగతి వేరు. వంశధార ఒడ్డున గాంగ రాజుల గుడులున్న మా జిల్లా ఊరది. ఆ పేరు కొట్టగానే తమరు ఒక్కసారిగా ఉదారులై, కంబోడియా నుంచి, నేపాలు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో శివలింగాలను వరుసకట్టి పంపారు. ముఖం చెక్కిన లింగాన్ని ముఖలింగమనే అంటారు కనుక తమ తర్కంలో తప్పుపట్టను. ఊరినడిగితే దేవుళ్లను పంపినవారిని ఏమని తప్పుపట్టేది? ఇక బొబ్బిలి అంటే, ‘బాబిన్ అనబోయారా?’ అన్నారు. 1757లో కోటతో సహా కాలి బూడిదైనా లొంగని ఊరిని దారం చుట్టే కండెగా మార్చేశారు. పోనీ, ఒకే పనసదుంగను తొలిచి చేసే అక్కడి వీణనైనా చూద్దామంటే, తంత్రీవాద్యం, లూటు రకం, మీటేది, మెట్లున్నది అని విడగొట్టి వర్గీకరించారు గాని, వీణ అని పిలవడానికి తమకు నోరు రాలేదు.

మంచి కూడా చెప్పాలి. 2017లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం 3,75,000కు పైగా బొమ్మలను ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చని విడిచిపెట్టింది. 2020లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియాల సంస్థ అదే దారిలో 28 లక్షలతో తలుపు తీసింది. వీసా లేకుండా, శ్రీకాకుళం డేఅండ్‌నైట్ కూడలి దగ్గర టీ తాగుతూ ఫోనులో ఇవన్నీ చూడగలగడం మా తాతలు కలగనని భాగ్యం. తలుపు తీసిన ఇంటికి వెళ్లి, లోపల ఏ గదిలో ఏముందో అడిగితే ముందుగా గుమాస్తా దస్తూరీ నేర్చుకురమ్మనడం దగ్గరే నాకు తిక్కరేగుతోంది.

కనుక ఆ బట్ట పేజీ అడుగున ఉన్న ‘సవరణ సూచించండి’ అన్న ఫారం తెరిచాను. చికాకోల్ అంటే శ్రీకాకుళమని, అది నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఉందని, గుండుసూదిని కాస్త నైరుతికి జరపమని తెలుగులో వినయంగా రాశాను. ‘అనుమతించని అక్షరాలు ఉన్నాయి’ అన్నారు. ఇంగ్లిషులో రాశాను. ధన్యవాదాలని ఒక యంత్రం బదులిచ్చింది. ఆ తరువాత మూడు నెలలు, వారానికొకసారి, పోస్టుమాను కోసం అరుగు మీద కూర్చునే ముసలివాడిలా ఆ పేజీ తెరిచి చూస్తూ వచ్చాను. నిన్న మారింది. పక్కింటి పిల్లను పిలిచి చూపించాను. స్థలం అన్న గడిలో ఇప్పుడు ఇలా ఉంది: చికాకోల్, గంజాం (శ్రీకాకుళం?).

గుండుసూది ఒడిశాలోనే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
శ్రీకాకుళం (?) వాస్తవ్యుడు