లెక్కల పీరియడ్‌లో చదవడం ఎవరు నేర్పాలి?

'రవి దగ్గర సీత కంటే 6 పుస్తకాలు ఎక్కువ ఉన్నాయి. రవి దగ్గర ఉన్నవి 20. సీత దగ్గర ఎన్ని?' ఈ లెక్కకు 26 అని జవాబు రాసే పిల్లలు ఏ తరగతిలోనైనా కొందరు ఉంటారు. వారికి కూడిక వచ్చు, తీసివేత కూడా వచ్చు. 'ఎక్కువ' అన్న మాట కంటపడగానే కలిపేశారు. ఎవరి దగ్గర ఎక్కువో, అడిగింది ఎవరి సంగతో చూసుకోలేదు. పైగా 'ఎక్కువ అంటే కూడాలి, మిగిలింది అంటే తీసెయ్యాలి' అన్న కొండగుర్తు వారికి చాలాసార్లు బడిలో చెప్పిందే. పేపరు దిద్దేటప్పుడు దానికి ఒక తప్పు గుర్తు పడుతుంది, దిద్దుబాటు పేరుతో మరికొన్ని కూడికలు, తీసివేతలు ఇంటిపనిగా వస్తాయి. తప్పు వాక్యం దగ్గర జరిగితే అభ్యాసం అంకెల మీద సాగుతుంది.

ఆస్ట్రేలియాకు చెందిన విద్యా పరిశోధకురాలు యాన్ న్యూమన్ 1970లలో పిల్లల లెక్కల తప్పులను ఐదు మెట్లుగా విడదీసి చూశారు: ప్రశ్నను చదవగలగడం, అడిగిందేమిటో గ్రహించడం, దాన్ని గణిత రూపంలోకి మార్చుకోవడం, లెక్క చేయడం, వచ్చిన ఫలితాన్ని జవాబుగా రాయడం. తప్పుల్లో పెద్ద భాగం నాలుగో మెట్టుకు చేరకముందే జరిగిపోతోందని ఆ విశ్లేషణ తేల్చింది. అలాగని ఈ పిల్లలను భాషా టీచరుకు అప్పగిస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఆ వాక్యం కథలోని వాక్యం కాదు. అందులో 'కంటే' అన్న చిన్న మాట రెండు రాశులను ఏ దిశలో కలుపుతోందో పట్టుకోవాలి, ఆ సంబంధాన్ని సమీకరణంగా రాయాలి. దాన్ని చదవడం నేర్పవలసింది లెక్కల టీచరే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో భాషా బోధనను పరిశీలించిన బుల్లక్ కమిటీ 1975లోనే, ప్రతి ఉన్నత పాఠశాలకూ అన్ని సబ్జెక్టులనూ కలుపుకొనే భాషా విధానం ఉండాలని సిఫారసు చేసింది. అమెరికాలో 2010లో వెలువడిన 'కామన్ కోర్' అనే పాఠశాల విద్యా ప్రమాణాలు 6వ తరగతి నుంచి చరిత్ర, సైన్సు, సాంకేతిక సబ్జెక్టులకు చదవడం, రాయడంలో విడిగా లక్ష్యాలు పెట్టాయి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా 'ప్రతి టీచరూ భాషా టీచరే' అన్న మాట సమావేశాల్లో వినిపించినంతగా తరగతి గదిలో కనిపించదు. ఇందుకు సబ్జెక్టు టీచర్ల నిర్లక్ష్యమే కారణమనడం అన్యాయం. ఆ నినాదం వారికి అప్పగించిన పనే తప్పు. ముఖ్యాంశాల కింద గీత గీయించండి, సారాంశం రాయించండి, కొత్త పదాల పట్టిక గోడకు అంటించండి అంటూ ఒకే రకం పద్ధతులను లెక్కలకూ చరిత్రకూ జీవశాస్త్రానికీ పంచిపెట్టారు. సిలబస్ పూర్తికాక సతమతమయ్యే భౌతికశాస్త్రం టీచరుకు అది పరాయి పని అనిపించడంలో వింత లేదు.

చేయవలసింది మరొకటి. అమెరికా విద్యా పరిశోధకులు తిమోతీ షానహాన్, సింథియా షానహాన్ 2008లో ప్రచురించిన వ్యాసం ఆ దారి చూపింది. గణితం, రసాయనశాస్త్రం, చరిత్ర రంగాల నిపుణులు తమ తమ పాఠ్యాలను ఎలా చదువుతారో పరిశీలిస్తే ఎవరి పద్ధతి వారిదని తేలింది. గణితజ్ఞులు ఒక్క మాట కూడా వదలకుండా మళ్లీ మళ్లీ చదువుతారు. రసాయనశాస్త్రవేత్తలు వాక్యం నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి సమీకరణానికి, మళ్లీ వాక్యానికి తిరుగుతుంటారు. చరిత్రకారులు రాసిందెవరో, ఎందుకు రాశారో ముందు చూస్తారు. అంటే సబ్జెక్టును చదివే తీరు ఆ సబ్జెక్టులో అంతర్భాగమే. ఇది ఒప్పుకుంటే 'భాష కోసం మా పీరియడ్ ఎందుకివ్వాలి' అన్న సబ్జెక్టు టీచర్ల పేచీకి చాలావరకు చోటుండదు.

ఇది అతిశయోక్తి అనుకునేవారు ఒక ప్రయోగం నోట్సు తెరిచి చూడవచ్చు. 'వేడి నీళ్లలో పంచదార బాగా కరిగింది' అని విద్యార్థి రాస్తాడు. వాక్యంలో భాషా దోషం లేదు, టీచరు టిక్కు పెట్టి ముందుకు పోతారు. కానీ 'బాగా' అంటే త్వరగా కరిగిందనా, ఎక్కువ పరిమాణంలో కరిగిందనా? మొదటిది కరిగే వేగం, రెండోది ద్రావణీయత. రెండూ వేర్వేరు భావనలు, రెంటినీ కొలిచే పద్ధతులూ వేరు. త్వరగా అని చెప్పాలంటే గడియారం కావాలి. ఎక్కువ అని చెప్పాలంటే ఇక కరగని స్థితి వచ్చేదాకా పంచదార వేస్తూ తూకం చూసుకోవాలి. ఆ విద్యార్థి ఈ రెంటిలో ఏది చేశాడు? 'బాగా' కొట్టేసి సరైన మాట రాయమన్న క్షణంలో అతడు తన ప్రయోగాన్నే తిరిగి తలచుకోవలసి వస్తుంది. ఇక్కడ దిద్దింది భాషా, సైన్సా అని విడదీయలేం. డిక్టేట్ చేసిన నోట్సు ఎంత తప్పుల్లేకుండా ఉన్నా ఈ అవకాశం ఇవ్వదు, ఎందుకంటే అందులోని వాక్యం విద్యార్థిది కాదు. చక్కని దస్తూరితో ముప్పై పుస్తకాల్లో ఒకే వాక్యం కనిపిస్తే తనిఖీకి వచ్చినవారు సంతోషించవచ్చు గానీ, ఎవరికి ఏది అర్థమైందో మాత్రం తెలియదు.

చరిత్ర సంగతీ అంతే. అమెరికా విద్యా పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి నాంది పలికిన 1775 నాటి లెక్సింగ్టన్ పోరుకు సంబంధించిన పత్రాలను చరిత్రకారులూ హైస్కూలు విద్యార్థులూ చదివారు. చరిత్రకారుల చూపు ముందు పత్రం కర్త మీద పడింది; విద్యార్థులు ఎక్కువగా మొదటి వాక్యంతో మొదలుపెట్టి చివరిదాకా చదువుకుంటూ పోయారు. ఈ తేడాను ఏ సారాంశ రచనా పూడ్చలేదు.

మరోవైపు, చదివే నైపుణ్యం ఒకసారి వస్తే ఏ పాఠానికైనా పనికొస్తుందన్న నమ్మకం కూడా సగమే నిజం. రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 1988లో బేస్‌బాల్ ఆట గురించిన పాఠ్యం ఇచ్చి పరీక్షించినప్పుడు, చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదువుతూ ఆట తెలియని పిల్లలను మించి విషయాన్ని గుర్తుపెట్టుకున్నారు. విషయ జ్ఞానం లేనిదే వ్యూహాలు ఎంతోదూరం తీసుకుపోవు. సైన్సు సమయాన్ని కోసి విడిగా 'పఠన నైపుణ్యాల' పీరియడ్ పెట్టే బడులు ఈ ఫలితాన్ని పట్టించుకోవాలి.

అయితే అక్షరాలు కూడబలుక్కునే దశలోనే ఆగిపోయిన పిల్లల సంగతి వేరు. వారికి విడిగా, క్రమపద్ధతిలో, శిక్షణ ఉన్నవారి చేత బోధన కావాలి. అన్ని సబ్జెక్టుల్లో అక్షరాస్యత అన్న పేరు చెప్పి ఆ బాధ్యతను రసాయనశాస్త్రం టీచరు మీదికి నెట్టడం బడి యాజమాన్యాలకు సులువే గానీ, ఆ పిల్లలకు మాత్రం ఏ మేలూ జరగదు.

సమయం లేదన్న అభ్యంతరం నిజమైనదే. వివరణ రాయమంటే దిద్దే భారం పెరుగుతుంది, పరీక్ష ఒక్క మాట జవాబులే అడిగితే అంత కష్టపడడానికి కారణమూ ఉండదు. అందువల్ల ప్రశ్నపత్రం మారకుండా శిక్షణా తరగతులు ఎన్ని పెట్టినా ప్రయోజనం తక్కువ. ఆ శిక్షణ అయినా అన్ని సబ్జెక్టుల వారినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఇచ్చే ఉపన్యాసంగా ఉండకూడదు. ఒక బడిలోని సైన్సు టీచర్లు తమ పిల్లలు రాసిన పది జవాబులను బల్ల మీద పరచుకొని, ఏ తప్పు భావనలోది, ఏది వాక్యంలోది, ఏది రెంటిలోనూ ఉంది అని గంటసేపు తేల్చుకుంటే, మరుసటి వారం ఏ వాక్యాన్ని తరగతిలో విడమరిచి చెప్పాలో వారికే తెలుస్తుంది. ఆ గంటను టైంటేబుల్‌లో కేటాయించవలసింది ప్రధానోపాధ్యాయులు.