మళ్లీ బిగుసుకుపోయింది

కంప్యూటర్లో టైప్ చేస్తూ ఉండగానే మౌస్ బాణం ఉన్నచోటే ఆగిపోతుంది. పాటలో చివరి ముక్క గీ... మని అదేపనిగా మోగుతుంది. ఇక పవర్ బటన్ నొక్కిపట్టుకోవడం తప్ప దారి లేదు. సేవ్ చేయని గంట పని గంగలో కలిసింది.

"పాతదైపోయింది, పడేయ్" అంటారందరూ. జబ్బేమిటో తెలియకుండా ఎందుకు పడేయాలి? ర్యామ్ (మెమరీ పట్టీ) తీసి, బంగారు రంగు పిన్నులను రబ్బరుతో తుడిచి పెట్టాను. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ రాలేదు. ప్రాసెసర్ మీద ఎండి పెచ్చులు కట్టిన థర్మల్ పేస్ట్ (వేడిని బయటికి పంపేది) గీకేసి కొత్తది రాశాను. వేడి తగ్గింది, ఫ్రీజ్ కావడం తగ్గలేదు. ఒక్క ఎర్రర్ మెసేజైనా చూపించి చావదే!

చివరికి టార్చ్ వేసి మదర్‌బోర్డు చూస్తే, ప్రాసెసర్ పక్కనే మూడు కెపాసిటర్లు. చదునుగా ఉండాల్సిన నెత్తి ఉబ్బిపోయి, ఒకదాని మీద గోధుమరంగు జిగురు ఎండి అట్టకట్టింది. వోల్టేజిని నిలకడగా ఉంచాల్సినవి అవే. అవి చచ్చుబడితే లోడ్ పడగానే మెషిన్ బిగుసుకుపోదా మరి?

ఆ గోరంత భాగాల కోసం బోర్డు మొత్తం మార్చమంటున్నాడు రిపేరతను. మూడు కెపాసిటర్లకు టంకం పెట్టడానికి అంత బద్ధకమా? ఒళ్లు మండిపోతోంది నాకు.