గండి పడిందా, కొట్టారా?

ఫోన్‌లో మన వార్తలు చదివేవాళ్లకి "గండి" బాగా అలవాటైన మాటే. ఓటు బ్యాంకుకు గండి, ఖజానాకు గండి, ఆర్టీసీ ఆదాయానికి గండి. జనానికి పన్ను తగ్గించినా గండే అంటారు, ఆ డబ్బు జనం జేబులోనే ఉన్నా సరే! అసలు కాలువకు పడ్డ గండి మాత్రం ఊరు మునిగితే తప్ప జిల్లా పేజీ దాటదు.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. రాజకీయ వార్తల్లో గండి ఎప్పుడూ ఎవరో ఒకరు కొడతారు. ఫలానా నాయకుడు ఫలానా పార్టీ ఓట్లకు గండి కొట్టాడు అని పేరు, ఫొటోతో సహా వేస్తారు. అదే నీళ్ల దగ్గరికి వచ్చేసరికి గండి దానంతటదే "పడుతుంది". 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు మూడు గండ్లు పడి, విజయవాడ సింగ్ నగర్ వైపంతా రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది, ఆ గండ్లు పూడ్చడానికి చివరికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. అదే వానలకు కోదాడ దగ్గర సాగర్ ఎడమ కాలువకూ గండి పడింది. ఎక్కడ చూసినా పడింది, పడింది, పిడుగు పడినట్టు.

వాన కుండపోతే, కాదనను. కానీ మట్టికట్ట చాలాసార్లు ముందే చెప్పి తెగుతుంది. ఎలుకలూ పీతలూ తవ్విన బొరియల్లోంచి, చెట్ల వేళ్ల పక్కనుంచి మొదట చెమ్మ, తర్వాత ఊట, ఆ ఊట నీరు బురదరంగుకి తిరిగిందంటే లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట. గట్టు మీద తిరిగే లస్కర్‌కి, అంటే కాలువ కాపలాదారుకి, ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. లస్కరే లేని కాలువ మీద ఎవరు చూస్తారు, గట్టు మట్టిని ట్రాక్టర్లకెత్తి అమ్ముకున్నదెవరు? అది వార్తలో ఉండదు.

(పెన్న కొండల్ని కోసుకుపోయిన చోట కట్టారు గనక గండికోట అయింది. అక్కడ మాత్రం నిజంగానే ఎవరి తప్పూ లేదు, నది పని అది.)

విలేకరులకు నాదొక్కటే మాట. గండి ఎన్ని మీటర్లో ఎలాగూ రాస్తారు కదా, ఆ పక్కనే ఆ గట్టుకి ఆఖరుసారి మరమ్మతు ఎప్పుడు జరిగింది, బిల్లు ఎవరు తీసుకున్నారు అన్నది కూడా వేయండి. రెండు లైన్లు చాలు.